స్మార్ట్ స్విచ్ హబ్‌కు ఎందుకు దొరకదు?

కొత్తగా కొన్న స్మార్ట్ ప్లగ్‌ను సాకెట్‌లో పెట్టి, యాప్ తెరిచి, 'డివైస్ జోడించు' అని నొక్కితే తెరమీద ఒక చక్రం తిరగడం మొదలవుతుంది. ప్లగ్ మీద చిన్న నీలం దీపం టకటకా కొట్టుకుంటుంది. రెండు నిమిషాల తర్వాత చక్రం ఆగి, 'పరికరం దొరకలేదు, మళ్లీ ప్రయత్నించండి' అని వస్తుంది. ఎందుకు దొరకలేదో మాత్రం చెప్పదు. అక్కడి నుంచి చాలామంది చేసేది ఒకటే: రీసెట్ కొట్టి మళ్లీ అదే పని చేయడం. నాలుగోసారికి పీసే పాడైందని తేల్చి రిటర్న్ పెట్టేస్తారు. అలా వెనక్కి వెళ్లేవాటిలో ఏ రోగమూ లేనివి బోలెడు ఉంటాయి.

ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకచోటినుంచి నడిపేదాన్ని హబ్ అంటారు. హబ్‌కు ఒక పరికరం 'కనెక్ట్ అయింది' అనే ఒక్క మాట వెనక విడివిడిగా జరగాల్సిన పనులు నాలుగైదు ఉన్నాయి. ఇద్దరికీ ఒకే రకం రేడియో ఉండాలి. నెట్‌వర్క్ తాళంచెవి కొత్త పరికరం చేతికి చేరాలి. వచ్చినది ఏమేం చేయగలదో హబ్‌కు అర్థం కావాలి. ఆదేశం ఇంట్లోంచి నేరుగా వెళ్తుందా, ఎక్కడో ఉన్న సర్వర్ చుట్టూ తిరిగి వస్తుందా అన్నది తేలాలి. ఇవన్నీ అయ్యాక మన ఇళ్లలో ఇంకో పెద్ద పరీక్ష ఉంది: కరెంటు పోయి వచ్చాక కూడా ఆ కనెక్షన్ నిలవాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తెలియకపోతే రీసెట్ బటన్ అరగడమే మిగులుతుంది.

ఒకప్పుడు ఈ గొడవే లేదు. స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథెస్‌లో ఉన్న పైకో ఎలక్ట్రానిక్స్ కంపెనీ 1975లో ఎక్స్10 అనే పద్ధతిని తయారుచేసింది. ఇంటి కరెంటు తీగల మీదే 120 కిలోహెర్ట్జ్ సంకేతాలు పంపి దీపాలు వెలిగించేవారు. మాడ్యూల్ మీద తిప్పే చక్రాలు రెండు ఉండేవి. ఒకదాని మీద 16 అక్షరాలు, ఇంకోదాని మీద 1 నుంచి 16 అంకెలు, మొత్తం 256 చిరునామాలు. పెయిరింగ్ అంటే చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆ రెండూ తిప్పడమే. తాళం లేదు, గుర్తింపు లేదు. పక్కింటివాళ్లు కూడా అదే అక్షరం పెట్టుకుంటే వాళ్లు బటన్ నొక్కినప్పుడు మన హాల్లో లైటు వెలిగే ప్రమాదం ఉండేది. వెలిగిందో లేదో తిరిగి చెప్పే ఏర్పాటు కూడా మామూలు మాడ్యూళ్లలో లేదు. ఇప్పటి పెయిరింగ్‌లో ఉన్న తలనొప్పిలో ఎక్కువ భాగం ఆ లోటు పూడ్చడానికి పెట్టుకున్నదే.

వైఫై పాస్‌వర్డు ప్లగ్‌కు ఎలా తెలుస్తుంది?

మన దగ్గర ఎక్కువ ఇళ్లు స్మార్ట్ అయ్యేది వైఫై ప్లగ్‌తోనో బల్బుతోనో. హబ్ అక్కర్లేదు, రౌటరు ఎలాగూ ఉంది, ధర తక్కువ. కానీ మొదటి చిక్కు కూడా ఇక్కడే. ప్లగ్‌కు కీబోర్డు లేదు, తెర లేదు. నెట్‌వర్క్‌లో చేరాలంటే పాస్‌వర్డు కావాలి, పాస్‌వర్డు అందాలంటే ముందు నెట్‌వర్క్‌లో ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

దీనికి కనిపెట్టిన ఒక ఉపాయం చాలా తెలివైనది. ఫోన్ అప్పటికే వైఫైలో ఉంటుంది కాబట్టి గాలిలోకి వరసగా ప్యాకెట్లు, అంటే చిన్న చిన్న డేటా ముక్కలు వదులుతుంది. అవి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, లోపల ఏముందో బయటి ప్లగ్ చదవలేదు. అయితే ఒక్కో ప్యాకెట్ ఎంత పొడవుందో మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది. అందుకని ఫోన్ పాస్‌వర్డును పొడవుల రూపంలో పంపుతుంది: ఈ అక్షరానికి ఇంత పొడవు, ఆ అక్షరానికి అంత పొడవు. ప్లగ్ ఛానెల్ తర్వాత ఛానెల్ మారుతూ వింటుంది, పొడవులు లెక్కగట్టి నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డు కూర్చుకుంటుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ దీనికి స్మార్ట్‌కాన్ఫిగ్ అని పేరు పెట్టింది. చవక ప్లగ్గుల్లో విరివిగా కనిపించే చిప్‌లు తయారుచేసే షాంఘై కంపెనీ ఎస్‌ప్రెసిఫ్ ఇలాంటిదాన్నే ఈఎస్‌పీ టచ్ అంటుంది. ప్లగ్ దీపం టకటకా వేగంగా కొట్టుకుంటోందంటే చాలా బ్రాండ్లలో ఇలా వింటోందని అర్థం.

తెలివైనదే గానీ నాజూకైనది. ఇలాంటి ప్లగ్గుల్లో ఎక్కువ వాటికి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే ఉంటుంది. ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే అది రౌటరుకు పంపే ప్యాకెట్లు ప్లగ్ చెవిన పడే అవకాశమే లేదు. ఇప్పటి రౌటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి ఫోన్‌ను ఎటు కావాలంటే అటు తోస్తాయి కాబట్టి, ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉందో యజమానికి కూడా తెలియదు. రౌటరు సెట్టింగ్స్‌లోకి వెళ్లి పది నిమిషాలు 5 గిగాహెర్ట్జ్ ఆపేస్తే, అప్పటిదాకా చుక్కలు చూపించిన ప్లగ్ ఒక్కసారికే కలిసిపోవడం తరచూ జరిగేదే.

రెండో దారి ఏపీ మోడ్. ఇందులో ప్లగ్ తానే ఒక చిన్న హాట్‌స్పాట్ పెడుతుంది. దీపం నెమ్మదిగా వెలిగి ఆరుతుంటుంది. ఫోన్‌తో ఆ హాట్‌స్పాట్‌లోకి వెళ్లి ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డు చెప్పాలి. ఎస్‌ప్రెసిఫ్ చిప్ ఉన్నవాటిలో సాధారణంగా బ్రౌజర్‌లో 192.168.4.1 కొడితే ఆ పేజీ తెరుచుకుంటుంది. మొదటి పద్ధతి కన్నా ఇది నమ్మకమైనది. ఇందులో మెలిక ఫోన్ వైపు నుంచి వస్తుంది. ప్లగ్ హాట్‌స్పాట్‌లో ఇంటర్నెట్ లేదని గ్రహించిన ఆండ్రాయిడ్ ఫోన్ మారుమాట్లాడకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. యాప్ పంపిన పాస్‌వర్డు ప్లగ్‌కు కాకుండా ఎటో పోతుంది. ఆ రెండు నిమిషాలు మొబైల్ డేటా ఆపి ఉంచితే సరి.

ఈ రెండూ దాటాక కూడా ఆగే చోట్లున్నాయి. రౌటరులో డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి మాత్రమే పెట్టి ఉంటే పాత చిప్‌లు లోపలికి రాలేవు. గెస్ట్ నెట్‌వర్క్‌లో పెడితే పరికరం ఇంటర్నెట్‌లోకి చక్కగా వెళ్తుంది కానీ, గెస్ట్‌లు ఒకరినొకరు చూడకుండా రౌటరు గోడ కడుతుంది కాబట్టి పక్కనే ఉన్న హబ్‌కు కనబడదు. యాప్‌లో పనిచేస్తూ హబ్‌లో మాత్రం దొరకని పరికరాలకు ఇదొక ముఖ్య కారణం. ఇంకొకటి, రౌటరు రీస్టార్ట్ అయినప్పుడు పరికరాలకు కొత్త ఐపీ చిరునామాలు ఇస్తుంది. హబ్ పాత చిరునామాకే కబురు పంపుతూ కూర్చుంటుంది. రౌటరులో ఆ పరికరానికి ఒక చిరునామా శాశ్వతంగా కేటాయిస్తే ఈ జబ్బు తగ్గుతుంది. పది పదిహేను పరికరాలు దాటాక ఇది చేసుకోకపోతే తలప్రాణం తోకకొస్తుంది.

జిగ్బీ ఇంటర్వ్యూ

ఇల్లంతా సెన్సర్లు పెట్టుకోవాలనుకున్నవాళ్లు ఎక్కువగా జిగ్బీ అనే, తక్కువ చార్జ్‌తో నడిచే రేడియో పద్ధతి వైపు వస్తారు. బటన్ సైజు బ్యాటరీతో తలుపు సెన్సర్ ఏడాదికి పైగా నడుస్తుంది, వైఫైతో అది కాదు. హబ్‌గా హోమ్ అసిస్టెంట్ పెట్టుకున్న ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. పౌలుస్ షౌట్సెన్ 2013లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరు మీద నడుస్తుంది. దాని యూఎస్‌బీ పోర్టులో జిగ్బీ రేడియో ఉన్న చిన్న డాంగిల్ ఒకటి గుచ్చితే ఆ డాంగిలే నెట్‌వర్క్‌కు పెద్ద, అంటే కోఆర్డినేటర్ అవుతుంది.

హబ్‌లో 'చేర్చుకో' నొక్కితే కొద్ది నిమిషాలపాటు తలుపు తెరుచుకుంటుంది. సెన్సర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే అది ఒక్కో ఛానెల్‌లోనూ 'ఎవరైనా ఉన్నారా' అని అడుగుతుంది. కోఆర్డినేటర్, దానితోపాటు ఇంట్లో అప్పటికే ఉండి కబుర్లు చేరవేసే జిగ్బీ ప్లగ్గులు జవాబిస్తాయి. వాటిలో సిగ్నల్ బాగున్న ఒకదాన్ని సెన్సర్ ఎంచుకుని దానికింద చేరుతుంది. అప్పుడు కోఆర్డినేటర్ నెట్‌వర్క్ తాళంచెవిని పంపుతుంది. ఆ తాళంచెవిని దాచి పంపడానికి వాడే మరో తాళం మాత్రం చాలా పరికరాల్లో ప్రపంచమంతటికీ ఒక్కటే: జిగ్బీ అలయన్స్ పేరుకు 09 తగిలించిన 16 అక్షరాల మాట. ఇది ఎప్పటినుంచో బహిరంగ రహస్యం. అంటే సరిగ్గా ఆ క్షణాన పక్క ఫ్లాటులో ఎవరైనా జిగ్బీ వింటూ ఉంటే తాళంచెవి వాళ్లకూ అందుతుంది. చేర్చుకునే తలుపు కొద్ది నిమిషాలకే మూసుకుపోవడం వెనక అర్థముంది. దాన్ని ఎప్పుడూ తెరిచి ఉంచడం మంచిది కాదు.

తాళంచెవి చేరాక మొదలయ్యే ఘట్టాన్ని ఇంటర్వ్యూ అంటారు. పేరుకు తగ్గట్టే ఉంటుంది. నీ కంపెనీ ఏది, మోడల్ ఏది, ఉష్ణోగ్రత చెప్పగలవా, బ్యాటరీ ఎంత ఉందో చెప్పగలవా అని హబ్ ఒక్కొక్కటే అడుగుతుంది. సెన్సర్ 2875 అని పంపితే అది 28.75 డిగ్రీలని హబ్‌కు తెలియడానికి కారణం ఈ సంభాషణే. బ్యాటరీ సెన్సర్లు ఇక్కడే ఎక్కువగా తప్పుతాయి. చార్జ్ ఆదా చేయడానికి అవి కొన్ని సెకన్లకే నిద్రపోతాయి, ఇంటర్వ్యూ మధ్యలో ఆగిపోతుంది. హబ్‌లో పరికరం పేరు కనబడుతుంది కానీ లోపల ఏ విలువా రాదు. ఇలా సగంలో ఆగినదాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టే ముందు, ఇంటర్వ్యూ నడుస్తున్నంతసేపూ బటన్‌ను రెండు మూడు సెకన్లకోసారి తట్టి మెలకువగా ఉంచితే చాలాసార్లు పని అయిపోతుంది.

కొన్ని చవక పరికరాలు ఇంటర్వ్యూలో సరిగ్గానే జవాబిస్తాయి కానీ తమ సొంత భాషలో. ట్యూయా అనే కంపెనీ చిప్ ఉన్నవాటిలో ఇది తరచూ కనిపిస్తుంది. ప్రమాణం ప్రకారం ఉష్ణోగ్రత ఉండాల్సిన గడిలో కాకుండా కంపెనీ సొంత గడిలో అన్నీ కుక్కి పంపుతాయి. ఏ సంఖ్య దేనికో రాసిపెట్టిన అనువాదకం హబ్‌లో ఉంటే తప్ప అర్థం కావు. జిగ్బీటుఎంక్యూటీటీ వంటి ఉచిత ప్రాజెక్టులు వేల మోడళ్లకు ఇలాంటి అనువాదకాలు పోగుచేశాయి. అందుకే కొనేముందు అట్టపెట్టె మీద 'జిగ్బీ' అని చూసి సంతోషపడకుండా, మోడల్ నంబరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవడం మేలు. బయటినుంచి ఒకేలా కనిపించే రెండు సెన్సర్లలో ఒకటి ఉంటుంది, ఇంకొకటి ఉండదు.

సిగ్నల్ సంగతికి వస్తే, జిగ్బీకి 2.4 గిగాహెర్ట్జ్‌లో 11 నుంచి 26 వరకు 16 ఛానెళ్లున్నాయి. వైఫై కూడా అదే గాలిలో తిరుగుతుంది, పైగా గొంతు పెద్దది. వైఫై 1, 6, 11 ఛానెళ్ల మధ్య సందుల్లో జిగ్బీ 15, 20 పడతాయి, 25 వాటికి అవతల ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో పాతిక రౌటర్ల మధ్య బతకాలంటే ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవడం ఉత్తమం. అయితే ఇది మొదటిరోజే తేల్చుకోవాలి. ముప్పై పరికరాలు చేరాక ఛానెల్ మారిస్తే కొన్ని వెంట రావు, మళ్లీ పెయిర్ చేసుకోవాల్సిందే.

డాంగిల్‌ను ఎక్కడ గుచ్చారన్నది మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులు, హార్డ్‌డిస్కులు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో చప్పుడు పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో చూపించింది. డాంగిల్‌ను నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో, పక్కనే ఎస్ఎస్‌డీ ఉండగా గుచ్చితే అదే గదిలోని సెన్సర్ కూడా వినబడకపోవచ్చు. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. జిగ్బీ కష్టాలకు ఇంతకన్నా చవకైన మందు లేదు.

ఇంకొక పాత అలవాటు గురించి కూడా చెప్పాలి. సెన్సర్‌ను హబ్ పక్కన పెట్టి పెయిర్ చేసి, తర్వాత మేడమీద గదిలో అతికిస్తారు. దగ్గరలో పెయిర్ చేస్తే అది నేరుగా కోఆర్డినేటర్ కిందే చేరుతుంది. మేడమీదికి వెళ్లాక అక్కడి ప్లగ్‌కు మారాలి గానీ, కొన్ని మొండి సెన్సర్లు పాత యజమానినే పట్టుకుని వేలాడతాయి, చివరికి తెగిపోతాయి. ముందు ఎప్పుడూ కరెంటులో ఉండే ప్లగ్గులు, స్విచ్‌లు పెట్టి దారి వేసి, తర్వాత బ్యాటరీ సెన్సర్‌ను అది ఉండబోయే చోటే పెయిర్ చేయడం సరైన వరస.

అమెరికా నుంచి సూట్‌కేసులో వచ్చినవి

జిగ్బీ లాంటిదే ఇంకో రేడియో పద్ధతి జడ్-వేవ్. అది మన దేశంలో అరుదు, కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సంక్రాంతికి వచ్చేవాళ్లు తెలుసుకోవాలి. జడ్-వేవ్ ఫ్రీక్వెన్సీ దేశాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో 908.42 మెగాహెర్ట్జ్, భారత్‌లో 865.2. అక్కడి స్మార్ట్ తలుపు తాళం, ఇక్కడి హబ్ రెండూ కొత్తవే అయినా, రెండింటి మీదా ఒకే లోగో ఉన్నా, ఒకదాని మాట ఒకటి వినలేవు. అంతకన్నా ముఖ్యం, 908 మెగాహెర్ట్జ్ మన దగ్గర మొబైల్ కంపెనీలకు లైసెన్సు ఇచ్చిన బ్యాండులో ఉంది. హబ్ కూడా అక్కడినుంచే తెచ్చుకుంటే పనిచేయవచ్చు గానీ అలా వాడటం చట్టబద్ధం కాదు. అమెరికా స్విచ్‌లు, ప్లగ్గుల్లో చాలావరకు 120 వోల్టులకే చేసినవి. వాటిని 230 వోల్టుల మీద పెడితే పెయిరింగ్ దాకా కూడా వెళ్లవు, పొగే వస్తుంది.

పాతది తెచ్చి వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. జడ్-వేవ్ పరికరం మునుపటి హబ్‌ను మరచిపోతే గానీ కొత్తదానిలో చేరదు. ఈ మరపించడాన్ని ఎక్స్‌క్లూజన్ అంటారు. మంచి విషయమేమంటే, ఆ పని పాత హబ్బే చేయనక్కర్లేదు, కొత్త హబ్‌తో కూడా చేయొచ్చు. చేర్చేముందు ఒకసారి ఎక్స్‌క్లూజన్ నడపడం అనుభవజ్ఞులకు చెప్పులు బయట విడిచినంత అలవాటు.

మ్యాటర్ ఎంతవరకు మార్చింది?

ఎవరికి వారే యమునా తీరే అన్నట్టున్న కంపెనీలు 2019 డిసెంబరులో ఒక తాటి మీదికి వచ్చాయి. అమెజాన్, ఆపిల్, గూగుల్, అప్పటి జిగ్బీ అలయన్స్ కలిసి మొదలుపెట్టిన ప్రయత్నం 2022 అక్టోబరులో మ్యాటర్ 1.0గా, అంటే ఏ కంపెనీ పరికరమైనా మాట్లాడగల ఉమ్మడి భాషగా బయటికొచ్చింది. ఈలోగా జిగ్బీ అలయన్స్ పేరు కూడా 2021లో కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్‌గా మారింది.

పెయిరింగ్ వరకు మ్యాటర్ నిజంగానే పని సులువు చేసింది. పరికరం మీద క్యూఆర్ కోడ్, దాని కింద 11 అంకెలు ఉంటాయి. ఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే మిగతా మాటలు బ్లూటూత్ మీద నడుస్తాయి, వైఫై పాస్‌వర్డు కూడా ఆ దారినే చేరుతుంది. ప్యాకెట్ల పొడవులు లెక్కపెట్టే అవస్థ పోయింది. ప్రతి పరికరానికీ తాను ఫలానా కంపెనీ అసలు సరుకునని చూపే డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది. ఒకే బల్బును గూగుల్ హోమ్‌లోనూ, హోమ్ అసిస్టెంట్‌లోనూ ఒకేసారి ఉంచుకోవచ్చు. కనీసం ఐదు వేర్వేరు వ్యవస్థల్లో చేరగలగాలన్నది నియమం.

అయితే అట్టపెట్టె మీద మ్యాటర్ లోగో ఉంటే చాలు అనుకోవడం పొరపాటు. మ్యాటర్ మాట్లాడేది వైఫై మీద కావచ్చు, థ్రెడ్ మీద కావచ్చు. థ్రెడ్ అనేది జిగ్బీ రేడియోనే వాడే ఇంకో మెష్, అంటే పరికరాలు ఒకదాని కబురు ఇంకొకటి చేరవేసే అల్లిక. దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే బోర్డర్ రౌటరు ఒకటి ఇంట్లో ఉండాలి, అంటే ఆపిల్ హోమ్‌పాడ్ మినీ లాంటిది. అది లేని ఇంట్లో థ్రెడ్ సెన్సర్ కొంటే కోడ్ స్కాన్ అవుతుంది, బ్లూటూత్ కలుస్తుంది, ఆ తర్వాత కదలదు. మ్యాటర్‌కు ఇంటి లోపల ఐపీవీ6 అనే కొత్త తరం చిరునామాల పద్ధతి కూడా నడవాలి. ఇంటర్నెట్ కంపెనీవాళ్లు పెట్టివెళ్లిన రౌటర్లలో అది ఆపేసి ఉంటే సగంలో వచ్చే ఎర్రర్ మెసేజ్ చూసి ఎవరికీ అంతుబట్టదు. ఇక రకాల సంగతి. మొదటి వెర్షన్లో దీపాలు, ప్లగ్గులు, తాళాలు వంటివే ఉన్నాయి. మన వేసవికి ప్రాణాధారమైన ఫ్యాన్లు, రూమ్ ఏసీలు 2023 అక్టోబరులో 1.2తో గానీ జాబితాలో చేరలేదు.

ఒక చిన్న జాగ్రత్త చాలా శ్రమ తప్పిస్తుంది. స్విచ్ మాడ్యూల్ మీది క్యూఆర్ కోడ్‌ను గోడలోని గ్యాంగ్ బాక్సులో బిగించకముందే ఫోటో తీసి పెట్టుకోవాలి. తర్వాత రీసెట్ చేయాల్సి వస్తే ఆ 11 అంకెల కోసం గోడ విప్పాలి.

కనెక్ట్ అయినా, ఎవరి ద్వారా?

'నా హబ్‌లో కనబడుతోంది' అన్నంత మాత్రాన హబ్ ఆ పరికరంతో నేరుగా మాట్లాడుతోందని కాదు. హాల్లోని స్విచ్‌ను హాల్లోని హబ్ ఆన్ చేయమంటే, ఆ మాట కంపెనీ సర్వర్‌కు వెళ్లి అక్కడినుంచి మళ్లీ హాల్లోకి రావడం చాలా వైఫై పరికరాల్లో మామూలే. హోమ్ అసిస్టెంట్ తన ప్రతి అనుసంధానం పక్కనా ఇది లోకలా, క్లౌడా అని రాస్తుంది. పరికరం తనంతట తానే కబురు చెబుతుందా, లేక హబ్బే మాటిమాటికీ వెళ్లి అడగాలా అన్నది కూడా రాస్తుంది. అడగాల్సిన రకమైతే గోడమీద స్విచ్ నొక్కాక అరనిమిషానికి గానీ హబ్‌కు తెలియకపోవచ్చు. మెట్ల లైటుకు అది పనికిరాదు, ట్యాంకు మట్టానికి ఫర్వాలేదు.

సర్వర్ మీద ఆధారపడితే ఏమవుతుందో చూపిన ఉదాహరణలు రెండున్నాయి. రివాల్వ్ అనే హబ్‌ను నెస్ట్ అనే కంపెనీ 2014లో కొనేసి 2016 మేలో సర్వర్ ఆపేసింది. 300 డాలర్లు పెట్టి కొన్న పెట్టె పనికిరాకుండా పోయింది. 2022 ఏప్రిల్‌లో అమెరికాలోని ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. యాప్ చచ్చిపోయింది. ఇంట్లోనే హబ్‌తో నేరుగా మాట్లాడేలా అమర్చుకున్నవాళ్ల దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఆ జూన్‌లో వాడకందార్లలోనే కొందరు కలిసి కంపెనీని కొని మళ్లీ నడిపారు గానీ, అందరి అదృష్టం అలా ఉండదు.

పరీక్ష చాలా తేలిక. రౌటరు నుంచి బయటికి వెళ్లే ఫైబర్ తీగ ఒక్కటి తీసి, రౌటరును అలాగే ఆన్‌లో ఉంచి, హబ్ నుంచి స్విచ్ వేసి చూడాలి. వెలిగితే కనెక్షన్ ఇంటిదే. వెలగకపోతే అది అద్దె కనెక్షన్.

తిరిగి మాట్లాడని పరికరాలు ఇంకో తెగ. ఏసీని ఐఆర్ బ్లాస్టర్‌తో హబ్‌కు కలిపితే, హబ్ చేసేది రిమోట్‌లా ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు కొట్టడమే. ఏసీ ఆన్ అయిందో లేదో దానికి తెలియదు, అయిందని అనుకుంటుంది. ఈలోగా ఎవరో చేతిలోని అసలు రిమోట్‌తో ఆపేస్తే హబ్ ఇంకా 'ఆన్' అనే చూపిస్తుంది. టీవీ రిమోట్ కన్నా ఏసీ రిమోట్ ఒక విషయంలో నయం. ప్రతి నొక్కులోనూ అది ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాన్ వేగం అన్నీ కలిపి పంపుతుంది కాబట్టి, హబ్ మళ్లీ ఒకసారి కొడితే మొత్తం దారికొస్తుంది. అసలు నిజం తెలియాలంటే కరెంటు కొలిచే మాడ్యూల్ ఒకటి ఏసీ లైనులో పెట్టాలి. వాట్లు పెరిగితే నడుస్తున్నట్టు.

గోడ లోపలి సంగతులు

రేడియో, పాస్‌వర్డు అన్నీ సరిగ్గా ఉన్నా స్విచ్ మాటిమాటికీ ఆఫ్‌లైన్ అవుతుంటే గోడ విప్పి చూడాల్సిందే. మామూలు స్విచ్‌కు ఫేజ్ వస్తే చాలు. స్మార్ట్ స్విచ్ లోపల రేడియో ఎప్పుడూ మేలుకుని ఉండాలి, దానికి న్యూట్రల్ కూడా కావాలి. మన బోర్డుల్లో ప్లగ్ సాకెట్ ఉంటే న్యూట్రల్ అక్కడే దొరుకుతుంది. మెట్ల దగ్గరో మంచం పక్కనో ఉన్న ఒంటరి స్విచ్‌ల దగ్గర దొరకదు. న్యూట్రల్ అక్కర్లేని స్విచ్‌లూ ఉన్నాయి. అవి బల్బు గుండా కొద్దిపాటి కరెంటు లాక్కుని బతుకుతాయి. దానివల్ల చిన్న ఎల్ఈడీ బల్బులు ఆపేశాక కూడా మిణుకుమిణుకుమంటాయి. జిగ్బీలో అయితే ఈ రకం స్విచ్‌లు సాధారణంగా ఇతర పరికరాలకు దారి ఇవ్వవు, మెష్ బలపడదు. ఇల్లు కట్టుకునేటప్పుడే ప్రతి బాక్సులోకీ న్యూట్రల్ లాగించమని ఎలక్ట్రీషియన్‌కు చెబితే, తర్వాత పడే పాట్లు చాలా తప్పుతాయి.

లోడు విషయంలో పొదుపు పనికిరాదు. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు తీస్తుంది, 3 కిలోవాట్లది 13. దాన్ని 10 ఆంపియర్ల ప్లగ్‌కు తగిలిస్తే పెయిరింగ్ బ్రహ్మాండంగా జరుగుతుంది, ప్లగ్ మాత్రం కాలుతుంది. బోరు మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. స్మార్ట్ రిలేతో, అంటే స్మార్ట్ పరికరం లోపలి చిన్న స్విచ్‌తో నేరుగా మోటారు తిప్పకూడదు. రిలే కాంటాక్టరు అనే పెద్ద లోడు స్విచ్‌ను వేయాలి, కాంటాక్టరు మోటారును వేయాలి. బల్బుల కోసం చేసిన డిమ్మర్‌ను సీలింగ్ ఫ్యాన్‌కు పెడితే ఫ్యాన్ గుయ్యిమంటుంది. కెపాసిటర్లతో వేగం మార్చే ఫ్యాన్ మాడ్యూల్ వేరే ఉంటుంది, అదే వాడాలి.

కరెంటు వచ్చినప్పుడు

పెయిరింగ్ గురించి రాసే విదేశీ గైడ్లలో కరెంటు కోతకు చోటుండదు. మన దగ్గర అసలు కథ అక్కడే. కరెంటు రాగానే వైఫై బల్బులు సెకన్లలో లేచి నెట్‌వర్క్ కోసం వెతుకుతాయి. రౌటరు లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కొన్ని పరికరాలు ఓపికగా వెతుకుతూ ఉంటాయి. కొన్ని విసుగెత్తి తమ హాట్‌స్పాట్ తెరిచి కూర్చుంటాయి. రౌటరుకు, హబ్‌కు చిన్న యూపీఎస్ పెడితేనో, వాటిని ఇన్వర్టర్ లైను మీద వేస్తేనో ఈ రకం ఫిర్యాదుల్లో చాలా భాగం పోతుంది. మెమరీ కార్డు మీద నడిచే రాస్‌ప్‌బెర్రీ పైకి అయితే ఇది తప్పనిసరి. రాస్తుండగా కరెంటు పోతే కార్డు పాడై, హబ్బే మొదటికి రావచ్చు.

దీనికన్నా చిత్రమైనది మరొకటి ఉంది. చాలా స్మార్ట్ బల్బులను రీసెట్ చేసే పద్ధతి, స్విచ్‌ను వరసగా మూడుసార్లో ఐదుసార్లో వేసి తీయడం. బల్బుకు బటన్ లేదు కాబట్టి కంపెనీ చేసిన ఏర్పాటు అది. ఈదురుగాలి వేళ లైను పోయి, వచ్చి, పోయి, వచ్చి నాలుగుసార్లు ఊగిసలాడితే బల్బుకు అది రీసెట్ ఆదేశంలాగే కనిపిస్తుంది. తెల్లారేసరికి ఇంటి బల్బులు నెట్‌వర్క్ మరచిపోయి మినుకుమినుకుమంటుంటాయి. పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. టాస్మోటా అనే ఉచిత ఫర్మ్‌వేర్‌లోనూ ఇలాంటి ఏర్పాటుంది. దాన్ని ఆపడానికి 'సెట్‌ఆప్షన్65' అనే సెట్టింగ్ ఇచ్చారు. మూసేసి ఉన్న కంపెనీ బల్బుల్లో ఆ వెసులుబాటు ఉండకపోవచ్చు. వాటిని ఇన్వర్టర్ లైను మీదికి మార్చడమో, మామూలు బల్బు పెట్టి స్విచ్‌నే స్మార్ట్ చేయడమో దారి. మన ఇళ్లకు స్మార్ట్ బల్బు కన్నా స్మార్ట్ స్విచ్ మంచిదనడానికి ఇదొక్కటి చాలు. పైగా ఇంట్లో పెద్దవాళ్లు అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తే స్మార్ట్ బల్బు చచ్చినట్టే కదా.

చివరగా, కరెంటు వచ్చాక పరికరం ఏ స్థితిలో లేవాలన్నది. ప్లగ్ సెట్టింగ్స్‌లో దీనికి మూడు వికల్పాలు ఉంటాయి: ఆన్, ఆఫ్, పోకముందు ఎలా ఉంటే అలా. తెలుగు రైతులకు ఈ సమస్య స్మార్ట్ హోమ్ కన్నా ముందే తెలుసు. అర్ధరాత్రి ఎప్పుడో వచ్చే త్రీఫేజ్ కోసం మేలుకుని ఉండలేక మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేచేసరికి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడేది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను పదేపదే కోరింది. గీజరు, బోరు మోటారు, ఏసీ మూడూ 'ఆన్' స్థితిలో లేచే ఇంట్లో ఎంసీబీకి పట్టేది అదే గతి. ఎండిన సంపులో మోటారు దానంతటదే లేస్తే నష్టం ఇంకా ఎక్కువ. వీటికి 'ఆఫ్' పెట్టాలి. ఫ్రిజ్‌కు, అక్వేరియం పంపుకు 'ఆన్'. దీపాలకు పాత స్థితి సరిపోతుంది. ఈ సెట్టింగ్‌ను పరికరంలోనే పెట్టాలి. కరెంటు వచ్చిన మొదటి రెండు నిమిషాలు హబ్ ఇంకా లేచి ఉండదు కాబట్టి, హబ్‌లో రాసిన ఆటోమేషన్ ఆ సమయంలో ఎవరికీ అక్కరకు రాదు.